గుర్రానికి చెప్పే మాట, మూడు గళ్ళు: ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్‌లో బండివాడి కేకలు పట్టుకునే పద్ధతి

ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్ పూరించే మనవాళ్ళలో చాలామంది ఒకేచోట ఆగిపోతుంటారు. క్లూ చూస్తే చాలా చిన్నది: గుర్రానికి ఆజ్ఞ, మూడక్షరాలు. చుట్టూ గళ్ళన్నీ నిండిపోతాయి, ఆ మూడు మాత్రం ఖాళీగా మిగులుతాయి.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకు కూడా ఇక్కడ టెన్షన్ తప్పదు. ఈ మాటలు మన పాఠాల్లో లేవు, ఆఫీసు ఇంగ్లిష్‌లో లేవు, నవలల్లో కూడా అరుదు. గుర్రాన్ని ఆపే 'వో' సినిమాల వల్ల తెలుసు. 'జీ', 'హా' కొందరికి తెలుసు. 'హప్' వచ్చిందంటే అచ్చుతప్పేమో అనుకునేవాళ్ళే ఎక్కువ.

నిజానికి మొత్తం కలిపి పది, పన్నెండు మాటలకు మించి లేవు. వాటిని బట్టీ పడితే సరిపోదు, క్లూని ఏ వరుసలో చదవాలో తెలియాలి. పని, మనిషి లేదా జంతువు, వ్యాకరణం, అక్షరాలు: ఈ వరుస తప్పకుండా వెళ్తే ఊహించాల్సిన పని దాదాపు ఉండదు.

1. కూర్చునే ముందు చూసుకోవలసినవి

ముందు మీ చేతిలో ఉన్న పజిల్ ఏ పద్ధతిదో తేల్చుకోండి. ప్రతి క్లూ చివర బ్రాకెట్లో అంకె ఉంటే అది బ్రిటిష్ పద్ధతి. మన ది హిందూ క్రాస్‌వర్డ్ కూడా ఈ పద్ధతిదే. అంకె లేకపోతే బహుశా అమెరికన్ పద్ధతి, అంటే న్యూయార్క్ టైమ్స్ తరహా.

ఈ తేడా మన విషయంలో చాలా ముఖ్యం. అమెరికన్ గళ్ళలో ప్రతి అక్షరమూ ఒక అడ్డం మాటలోనూ, ఒక నిలువు మాటలోనూ ఉంటుంది. మూడక్షరాల కంటే చిన్న మాట ఉండదు. అందుకే అక్కడ చిన్నచిన్న కేకలు తరచుగా అవసరమవుతాయి. బ్రిటిష్ గళ్ళలో ఒక మాటలో దాదాపు సగం అక్షరాలకే పక్క మాటల సాయం దొరుకుతుంది. మిగతా సగం మీ బుర్రలోంచే రావాలి.

దగ్గర ఉంచుకోండి:

- పెన్సిల్, రబ్బరు. ఈ మాటల దగ్గర పెన్ను వాడొద్దు.
- అమెరికన్ పజిల్‌కు మెరియం-వెబ్‌స్టర్, బ్రిటిష్ పజిల్‌కు చేంబర్స్ డిక్షనరీ. అరుదైన స్కాటిష్ కేకలు చేంబర్స్‌లో దొరుకుతాయి. స్కూలు డిక్షనరీలో వెతికి 'లేదు' అని తేల్చేయకండి.
- నాలుగు వరుసలు గీసిన ఒక కాగితం. పైన కదులు, ఆగు, కుడికి, ఎడమకు అని రాసుకోండి. దొరికిన ప్రతి మాటనూ దాని వరుసలో చేర్చుకుంటూ పోండి.

2. మొదటి మెట్టు: పని ఏమిటో తేల్చండి

బండివాడు ఎన్ని కేకలు వేసినా వాటితో చేయించే పని నాలుగే: కదలడం, ఆగడం, కుడికి తిరగడం, ఎడమకు తిరగడం. క్లూలో ఈ నాలుగింటిలో ఏది ఉందో ముందు గుండ్రంగా చుట్టండి.

'టర్న్ రైట్', 'ఆఫ్ వి గో', 'హోల్డ్ ఇట్' లాంటివి ఉంటే సులువే. ఒట్టి 'కమాండ్ టు అ హార్స్' అని మాత్రమే ఉంటే నాలుగు పనులూ సాధ్యమే. అప్పుడు ఏదీ రాయకుండా తర్వాతి మెట్టుకు వెళ్ళండి. మనవాళ్ళు తొందరపడి తప్పు రాసేది ఎక్కువగా ఇక్కడే.

కుడి అంటే ఎవరి కుడి అని అడుగుతుంటారు. బండివాడు, గుర్రం ఒకేవైపు చూస్తుంటారు కాబట్టి ఇద్దరి కుడీ ఒకటే. ఎదురుగా నిలబడి చూసేవాడి కుడి ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇంకో జంట మాటలు కూడా ఇప్పుడే నేర్చుకోండి. ఇంగ్లిష్‌లో గుర్రానికి ఎడమ పక్క 'నియర్', కుడి పక్క 'ఆఫ్'. తోలేవాడు జంతువులకు ఎడమ పక్కన నడవడం అక్కడి అలవాటు. అతనికి దగ్గరది నియర్, దూరంది ఆఫ్. మన కాడికి కట్టిన జతలో దాపట ఎద్దు ఎడమది, ఎలపట ఎద్దు కుడిది అయినట్టే. క్లూలో 'నియర్' అన్న మాట కనబడితే 'దగ్గర' అనే అర్థం ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, అది 'ఎడమ' కూడా కావచ్చు.

3. మాటల పట్టిక

స్పెల్లింగ్ విడివిడిగా రాస్తున్నాను, ఎందుకంటే చెవికి వినిపించేది వేరు, గళ్ళలో పడేది వేరు.

ఆగు:

- వో: డబ్ల్యూ-హెచ్-ఓ-ఏ, నాలుగు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది.
- వో: డబ్ల్యూ-ఓ, రెండే. సాధారణ దినపత్రిక పజిల్‌లో ఇది ఒంటరి జవాబుగా రాదు. క్రిప్టిక్‌లో, అంటే మాటల గారడీతో కట్టే క్లూలున్న పజిల్‌లో, పెద్ద మాటలో ముక్కగా పనికొస్తుంది.

కదులు:

- గిడీఅప్: జీ-ఐ-డీ-డీ-వై-యూ-పీ, ఏడు. ఆరో అక్షరం యూ బదులు ఏ కూడా ఉంటుంది. పక్క అక్షరం వచ్చేదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి.
- గిడప్: జీ-ఐ-డీ-డీ-ఏ-పీ, ఆరు.
- జీ అప్: బ్రిటిష్ పద్ధతిలో (3,2) అని ఉంటుంది, అంటే మూడక్షరాల మాట, తర్వాత రెండక్షరాల మాట.

కుడికి:

- జీ: జీ-ఈ-ఈ, మూడు. అరుదుగా మొదట జే పెట్టి జే-ఈ-ఈ అని కూడా రాస్తారు.
- హప్: హెచ్-యూ-పీ, మూడు.

ఎడమకు:

- హా: హెచ్-ఏ-డబ్ల్యూ, మూడు.
- హై: హెచ్-ఐ-ఈ, మూడు. స్కాటిష్.

జీ కుడా, హా కుడా అన్నది ఎప్పుడూ తారుమారవుతుంది. దీనికి నేను చెప్పే గుర్తు ఒకటే. ఇంగ్లిష్‌లో 'రైట్' స్పెల్లింగ్ మధ్యలో జీ అక్షరం ఉంది, 'లెఫ్ట్'లో లేదు. కాబట్టి జీతో మొదలయ్యే కేక కుడికి. మిగిలింది ఎడమకు.

4. హప్: అరుదుగా వచ్చి ఎక్కువగా ఇబ్బంది పెట్టేది

ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. జీ, హా ఒకసారి తెలిస్తే మర్చిపోరు. హప్ అలా కాదు. ఇది నాలుగు రకాలుగా వస్తుంది, నాలుగింటికీ క్లూ వేరు.

మొదటిది గుర్రానికి: కుడికి తిరుగు. చేంబర్స్ ఇచ్చే అర్థం ఇది. బ్రిటిష్ పజిల్‌లో 'కుడికి తిరగమని గుర్రానికి కేక' అని ఉండి జీ సరిపోకపోతే, వెంటనే హప్ పెట్టి చూడండి.

రెండోది వేటకుక్కకు: కూర్చో. స్పానియల్ జాతి కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్ళు 'సిట్' అనరు, 'హప్' అంటారు. క్లూలో స్పానియల్ గానీ, గన్ డాగ్ గానీ ఉండి మూడక్షరాలైతే సిట్ రాసేముందు హప్ గుర్తు తెచ్చుకోండి. రెండూ మూడక్షరాలే, ఒక్క అక్షరం కూడా కలవదు. పక్క అక్షరం ఒక్కటి దొరికినా తేలిపోతుంది.

మూడోది సైనికుల కవాతుకు: అడుగుల లెక్క. మనం 'లెఫ్ట్, రైట్' అన్నట్టు అమెరికన్ కవాతులో 'హప్, టూ, త్రీ, ఫోర్' అంటారు. అమెరికన్ పజిల్‌లో హప్ వచ్చిందంటే గుర్రం కంటే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. 'డ్రిల్ సార్జెంట్', 'కేడెన్స్' (అడుగుల లయ) లాంటి మాటలు చూసుకోండి.

నాలుగోది క్రియగా: కుడికి తిరగడం. అప్పుడు హప్స్, హప్డ్, హప్పింగ్ రూపాలు వస్తాయి. చివరి రెండింటిలో పీ రెండుసార్లు పడుతుంది. హెచ్-యూ-పీ-పీ-ఈ-డీ, ఆరు. హెచ్-యూ-పీ-పీ-ఐ-ఎన్-జీ, ఏడు.

హప్ అనుమానం వచ్చినప్పుడు ఈ వరుసలో అడగండి:

- క్లూలో కుక్క ఉందా? ఉంటే 'కూర్చో'.
- సైన్యం, కవాతు ఉన్నాయా? ఉంటే లెక్క.
- గుర్రం ఉందా, దిక్కు కుడేనా? అయితే గుర్రపు కేక.
- గుర్రం ఉంది, దిక్కు ఎడమ. అయితే హప్ కాదు, హా లేదా హై.

హప్‌కు ఎదురు మాటగా హైని గుర్తుపెట్టుకోండి. హై చాలా గడుసుది. క్రాస్‌వర్డ్‌లో అది వచ్చినప్పుడల్లా దాదాపుగా 'త్వరపడు' అనే పాత ఇంగ్లిష్ అర్థంలోనే వస్తుంది. అందువల్ల ఎడమ అనే అర్థం ఎవరికీ తట్టదు. క్లూలో స్కాట్లాండ్‌ను సూచించే మాట, గుర్రం, ఎడమ మూడూ కలిస్తే ఇక సందేహించకండి.

ఇక్కడే 'ప్రూ' అనే ఇంకో స్కాటిష్ కేక ఉంది, పీ-ఆర్-ఓ-ఓ. దీన్ని గుర్రాల వరుసలో రాసుకున్నవాళ్ళను చూశాను. ఇది ఆవుకు చెప్పేది, దగ్గరికి రా లేదా కదలకుండా నిలబడు అని. చేంబర్స్ ఆధారంగా కూర్చే కఠినమైన పజిల్స్‌లో తప్ప రాదు, కానీ వస్తే క్లూలో ఆవు ఉంటుంది.

5. రెండో మెట్టు: క్లూలో ఎవరున్నారు?

పని తెలిశాక మనిషిని, జంతువును చూడండి. సగం క్లూలలో ఆజ్ఞ కంటే వీళ్ళే ఎక్కువ విషయం చెబుతారు.

టీమ్‌స్టర్ అంటే జంతువుల జతను తోలేవాడు. ఇవాళ అమెరికాలో లారీ డ్రైవర్‌ను కూడా అంటారు, అక్కడి టీమ్‌స్టర్స్ కార్మిక సంఘం గుర్తులో ఇప్పటికీ రెండు గుర్రాల తలలు, ఒక చక్రం ఉంటాయి. 'టీమ్‌స్టర్స్ కమాండ్' అంటే జీ, హా, వోలలో ఒకటి.

మ్యులెటీర్ కంచరగాడిదలను తోలేవాడు. కార్టర్ బండివాడు, వాక్యం మొదట పెద్ద అక్షరంతో వస్తే అమెరికా మాజీ అధ్యక్షుడిలా కనిపించి దారి తప్పిస్తాడు. జార్వీ ఐర్లండ్‌లో జట్కా లాంటి బండి తోలేవాడు. విప్ అంటే కొరడా మాత్రమే కాదు, గుర్రపు బండి నడిపేవాడు కూడా. పార్లమెంటులో పార్టీ విప్ అనే అర్థం కూడా ఉంది కాబట్టి క్లూ కూర్చేవాళ్ళు ఈ మాటను వదలరు.

జెహూ, జే-ఈ-హెచ్-యూ, కేక కాదు. బైబిల్ పాత నిబంధనలో రథాన్ని వేగంగా తోలిన రాజు పేరు, ఇంగ్లిష్‌లో వేగంగా తోలేవాడు అనే అర్థానికి స్థిరపడింది. నాలుగు గళ్ళ 'డ్రైవర్' అంటే ముందు ఇదే గుర్తు రావాలి.

జంతువుల విషయానికొస్తే, డాబిన్ అంటే పొలం గుర్రానికి ఇంగ్లిష్‌లో వాడుక పేరు. క్లూలో 'డాబిన్' కనిపిస్తే అదెవరో మనిషి అనుకోకండి. ఆక్సెన్ అంటే ఎద్దులు, వీటికీ జీ, హా అనే అంటారు. సిల్వర్ అని పెద్ద అక్షరంతో వస్తే వెండి కాకుండా పాత అమెరికన్ కౌబాయ్ కథల హీరో లోన్ రేంజర్ గుర్రం కావచ్చు.

హస్కీ కుక్కలు, ఇడిటరాడ్, అలాస్కా, మషర్ (కుక్కబండి తోలేవాడు): ఇవన్నీ మంచు మీద బండి లాగే కుక్కల ప్రపంచం. ఇడిటరాడ్ అంటే అలాస్కాలో ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా జరిగే కుక్కబండ్ల పందెం. ఈ కుక్కలకు కళ్ళేలు ఉండవు, బండిని తిప్పాలంటే గొంతే ఆధారం. అందుకే గుర్రపు బండ్ల నాటి జీ, హా ఇక్కడ ఈనాటికీ రోజూ వాడకంలో ఉన్నాయి. కదలమనడానికి మాత్రం వేరే మాటలు: మష్, ఎం-యూ-ఎస్-హెచ్, లేదా హైక్, హెచ్-ఐ-కే-ఈ. రెండూ నాలుగే.

కౌబాయ్ బండి తోలడు, స్వారీ చేస్తాడు. అతని క్లూకి ఎక్కువగా వో, గిడీఅప్ వస్తాయి. నాగలి, బండి, జత అంటే జీ, హా వైపు చూడండి.

చివరిగా దేశం. అమెరికన్ పజిల్‌లో జీ అంటే కుడికి. బ్రిటిష్ పజిల్‌లో అదే జీకి 'కదులు, ఇంకా వేగంగా' అనే అర్థం కూడా బాగా వాడుకలో ఉంది. అక్కడ చిన్నపిల్లలు గుర్రాన్ని 'జీ-జీ' అంటారు, పందేలు కాసేవాళ్ళు గుర్రప్పందేలను కూడా అదే మాటతో పిలుస్తారు. మొదటి మెట్టులో 'కదులు' అని చుట్టి, మూడే గళ్ళుంటే, పజిల్ బ్రిటిష్‌దైతే, జీ రాయడానికి జంకక్కర్లేదు.

6. మూడో మెట్టు: వ్యాకరణం సరిచూడండి

క్లూ ఏ రూపంలో ఉంటే జవాబూ అదే రూపంలో ఉండాలి. ఈ కేకలన్నీ క్రియలుగా కూడా వాడతారు కాబట్టి ఈ మెట్టు దాటేయకూడదు.

- 'టర్న్' అని ఉంటే: జీ, హా.
- 'టర్న్స్' అని ఉంటే చివర ఎస్: జీస్, హాస్.
- 'టర్న్డ్', 'వెంట్' అని ఉంటే: జీ-ఈ-ఈ-డీ నాలుగు, హెచ్-ఏ-డబ్ల్యూ-ఈ-డీ ఐదు.
- 'టర్నింగ్' అని ఉంటే: జీయింగ్ ఆరు, హాయింగ్ ఆరు.

బహువచనం కూడా ఉంది. 'కమాండ్స్' అన్నప్పుడు చివర ఎస్ దాదాపు ఖాయం. మిగతా అక్షరాలు తెలియకపోయినా ఆ ఎస్ పెన్సిల్‌తో వేసుకోండి, దాన్ని దాటే నిలువు మాటకు అది ఊతమవుతుంది.

7. నాలుగో మెట్టు: పక్క అక్షరాలతో తేల్చడం

హా, హప్, హై మూడూ హెచ్‌తోనే మొదలవుతాయి. అంటే మొదటి గడిలో హెచ్ దొరికినంత మాత్రాన ఏమీ తేలదు, జీ కాదని మాత్రమే తెలుస్తుంది. అయితే దిక్కు కుడి అని తెలిసి, మొదటి అక్షరం హెచ్ వచ్చిందంటే హప్ ఒక్కటే మిగులుతుంది. ఎడమ అయితే హా, హై రెండూ బరిలో ఉంటాయి.

చివరి అక్షరం ఈ అని వస్తే జీ లేదా హై. ఇక్కడ దిక్కు తేలుస్తుంది: కుడైతే జీ, ఎడమైతే హై.

మధ్య అక్షరమే అన్నిటికంటే విలువైనది. ఏ వస్తే హా, యూ వస్తే హప్, ఐ వస్తే హై, ఈ వస్తే జీ. బ్రిటిష్ గళ్ళలో మూడక్షరాల మాటకు మధ్య అక్షరానికో, లేదా మొదటి, చివరి అక్షరాలకో సాయం ఉండటం మామూలు. రెండు పద్ధతుల్లోనూ ఈ నాలుగు మాటలు ఒకదానితో ఒకటి కలవవు. మొదట హెచ్, చివర డబ్ల్యూ అయితే హా. హెచ్, పీ అయితే హప్. హెచ్, ఈ అయితే హై. జీ, ఈ అయితే జీ. కాబట్టి చుట్టూ మాటలు సరిగ్గా పూరిస్తే చాలు, డిక్షనరీ తెరవకుండానే తేలిపోతుంది.

నాలుగక్షరాల 'ఆగు' దగ్గర స్టాప్, హాల్ట్, వో మూడూ పోటీ పడతాయి. రెండో అక్షరం చూడండి: టీ అయితే స్టాప్, ఏ అయితే హాల్ట్, హెచ్ అయితే వో. నాలుగక్షరాల 'కదులు'కు మష్, హైక్ పోటీ. వాటిలో ఏ గడిలోనూ ఒకే అక్షరం రాదు, ఏ పక్క అక్షరం దొరికినా సరిపోతుంది.

8. క్రిప్టిక్ క్లూలో ఇవే మాటలు

క్రిప్టిక్‌లో క్లూ రెండు భాగాలు. ఒక చివర అర్థం, మిగతాది మాటను ముక్కలుగా కట్టే సూచన. గుర్రపు కేకలు ఈ రెండు చోట్లా పనికొస్తాయి. కింది క్లూలు సాధన కోసం నేను కట్టినవి.

'మై రైట్, టు అ హార్స్ (3).' నా హక్కు అనిపిస్తుంది. కాదు. 'మై!' అనేది ఆశ్చర్యం, ఇంగ్లిష్‌లో 'జీ!' అన్నా అదే ఆశ్చర్యం. 'రైట్, టు అ హార్స్' అంటే గుర్రానికి కుడి. రెండు అర్థాలూ ఒకే మాటకు: జీ.

'హెడ్జ్ బెర్రీ లెఫ్ట్, టు అ మ్యూల్ (3).' కంచరగాడిదకు ఎవరో పండు మిగిల్చారనిపిస్తుంది. 'హా' అంటే హాథార్న్ కంచె మొక్క కాయ కూడా. జవాబు హా. ఈ మాటకు గుర్రాలు, కుక్కల కంటి మూడో రెప్ప అనే అర్థమూ, మాట తడబడటం అనే అర్థమూ ఉన్నాయి, ఎప్పుడు ఏది వస్తుందో చెప్పలేం, అన్నీ రాసుకోండి.

'హార్సెస్ హెడ్ అప్: టర్న్ రైట్ (3).' హార్స్ అనే మాట 'తల' హెచ్. దానికి అప్, యూ-పీ, కలపండి. హప్.

'గ్లోబల్ హెల్త్ బాడీ హాజ్ అ కాల్ టు స్టాప్ హార్స్ (4).' ప్రపంచ ఆరోగ్య సంస్థ పొడి అక్షరాలు డబ్ల్యూ-హెచ్-ఓ. పక్కన ఏ. వో.

'రఫ్ ఎడ్జ్ టర్న్డ్ రైట్, ఆజ్ అ మ్యూల్ డిడ్ (4).' 'రఫ్' అంటే అక్షరాలు కలగాపులగం చేయమని సూచన. ఎడ్జ్‌లోని ఈ-డీ-జీ-ఈ తిప్పితే జీ-ఈ-ఈ-డీ. భూతకాలం కూడా సరిపోయింది చూడండి.

ఇక పెద్ద మాటలో ముక్కగా: 'రింగ్, రైట్ టు అ హార్స్, ఫర్ మోల్డింగ్ (4).' రింగ్ అంటే ఓ అక్షరం, దానికి జీ-ఈ-ఈ. ఓజీ, అంటే ఎస్ ఆకారపు అంచు చెక్కడం. క్రాస్‌వర్డ్‌లకు ఇష్టమైన మాట ఇది, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

'సౌత్, లెఫ్ట్ ఫర్ అ మ్యూల్, దెన్ లెఫ్ట్: ర్యాప్ (5).' సౌత్‌కు ఎస్, ఎడమకు హా, మళ్ళీ ఎడమకు ఎల్. షాల్, కప్పుకునే శాలువ. ఒకే క్లూలో ఎడమ రెండు రకాలుగా రావడం గమనించండి.

అందుకే క్రిప్టిక్‌లో 'రైట్' చూడగానే నాలుగు అవకాశాలు గుర్తుకు రావాలి: ఒట్టి ఆర్, ఆర్-టీ, జీ, ఆఫ్. 'లెఫ్ట్' చూస్తే ఎల్, పోర్ట్, హా, నియర్. గుర్రం, బండి, నాగలి వాసన క్లూలో ఎక్కడైనా ఉంటే జీ, హాలను ముందుకు తెచ్చుకోండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

*వినిపించినట్టు రాయడం.* హాను హెచ్-ఏ-ఏ అనో, వోను డబ్ల్యూ-ఓ-హెచ్ అనో రాస్తారు. నిలువు మాట ఒకటి ఎంతకీ కుదరకపోతే ముందు ఈ స్పెల్లింగ్ సరిచూడండి. వోను చివర ఏ-హెచ్ పెట్టి రాయడం ఇంటర్నెట్‌లో మామూలైపోయింది, కానీ గళ్ళలో ముందు డబ్ల్యూ-హెచ్-ఓ-ఏనే పెట్టి చూడండి.

*'రైట్' అంటే ఒప్పు అనుకోవడం.* క్లూలో జంతువు ఉందంటే ఒప్పు, హక్కు కంటే కుడే ముందు రావాలి. అలాగే 'లెఫ్ట్' అంటే 'వదిలి వెళ్ళాడు' కూడా. ఆ అర్థంతో చిక్కుకుపోతే క్లూని కామాలు తీసేసి ఇంకోసారి చదవండి. క్రిప్టిక్‌లో విరామ చిహ్నాలను నమ్మకూడదు.

*జీ, హా తారుమారు చేయడం.* 'రైట్'లో జీ ఉందన్న గుర్తు వాడండి. తప్పు వేశారని అనుమానమొస్తే మూడు గళ్ళూ ఒకేసారి చెరిపేయండి. జీ, హాలకు ఒక్క గడిలోనూ ఒకే అక్షరం లేదు కాబట్టి సగం ఉంచుకోవడంలో లాభం లేదు.

*అంకెను పట్టించుకోకపోవడం.* (3,2) అంటే రెండు మాటలు. (3-3) అంటే మధ్యలో గీత. ఒట్టి (5) అని ఉంటే అది జీ అప్ కాదు, హా భూతకాలం కావచ్చు.

*అరుదైన మాటతో మొదలుపెట్టడం.* హప్, హై కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ప్రతి గుర్రం క్లూకీ వాటినే పెడతారు. ముందు మామూలు మాటనే ప్రయత్నించండి. అది అక్షరాలకు లొంగనప్పుడే అరుదైనది.

10. సాధనకు కొన్ని క్లూలు

కాగితం మీద నాలుగు మెట్లూ రాసుకుంటూ చేయండి. జవాబులు కిందనే ఉన్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకోండి.

- అ: 'జార్వీస్ స్టాప్ (4)'
- ఆ: 'స్పానియల్స్ ఆర్డర్ టు సిట్ (3)'
- ఇ: 'వెంట్ లెఫ్ట్, ఆజ్ ఆక్సెన్ (5)'
- ఈ: 'నియర్స్ ఆపోజిట్, ఇన్ ద స్టేబుల్ (3)'
- ఉ: 'ఫాస్ట్ డ్రైవర్ (4)'
- ఊ: 'హర్రీడ్ లెఫ్ట్, ఆజ్ అ స్కాటిష్ హార్స్ డిడ్ (4)'
- ఋ: 'స్టార్ట్, టు అ హస్కీ (4)'

అ: వో. జార్వీ బండి స్టాండు కాదు, బండివాడి కేక. ఆ: హప్. ఇ: హాడ్, హెచ్-ఏ-డబ్ల్యూ-ఈ-డీ, 'వెంట్' భూతకాలం కాబట్టి. ఈ: ఆఫ్. చాలామంది 'ఫార్' రాస్తారు, అదీ మూడక్షరాలే, కానీ గుర్రపుశాల అని క్లూ చెబుతోంది. ఉ: జెహూ.

ఊ: హైడ్, హెచ్-ఐ-ఈ-డీ. రెండు అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి: త్వరపడ్డాడు, ఎడమకు తిరిగింది.

ఋ: దీనికి కావాలనే అంకె తప్ప ఇంకే ఆధారమూ ఇవ్వలేదు. మష్, హైక్ రెండూ సరిపోతాయి. మొదటి గడిని దాటే మాట పూరించండి, అక్కడ ఎం పడితే మష్, హెచ్ పడితే హైక్. అది కూడా దొరక్కపోతే గళ్ళు ఖాళీగా వదిలి పక్క మూలకు వెళ్ళండి.